రెండోసారి వాడిన పపైరస్ మీద తొలి క్రైస్తవ బైబిలు ప్రతులు

క్రీ.శ. 2 నుంచి 4వ శతాబ్దం దాకా ఈజిప్టులో క్రైస్తవులు రాసుకున్న గ్రీకు బైబిలు ప్రతుల్లో కొన్నింటిని కొత్త పపైరస్ మీద రాయలేదు. వేరెవరో భూముల జాబితాకో, జమాఖర్చులకో, ఉత్తరానికో, చరిత్ర గ్రంథానికో వాడుకుని పక్కన పడేసిన చుట్టను తిరగేసి, వెనుక ఖాళీగా ఉన్న వైపు రాశారు. ఇలాంటివి ఎక్కువ లేవు. కొత్త నిబంధన ప్రతుల్లో వేళ్ల మీద లెక్కించవచ్చు. పాత నిబంధన గ్రీకు అనువాదపు ప్రతులు, ఆ కాలపు క్రైస్తవులు ప్రేమగా చదివిన ఇతర గ్రంథాల ప్రతులు కలుపుకుంటే ఇంకొన్ని చేరతాయి. ఇంత చిన్న సమూహం మీద పండితులు ఇంత శ్రద్ధ పెట్టడానికి కారణం ఉంది. తొలి క్రైస్తవ సంఘాలు పేదవని, తమ గ్రంథాలకు మంచి కాగితం కూడా కొనలేకపోయాయని చెప్పడానికి చాలాకాలం వీటినే సాక్ష్యంగా చూపారు. కానీ ప్రతులను ఒక్కొక్కటిగా, ముందు వెనుకలు కలిపి చూస్తే ఆ మాట నిలవదు. వాడిన పపైరస్ సంఘం పేదరికాన్ని చెప్పదు, గ్రంథం మీద గౌరవం తక్కువని కూడా చెప్పదు. ఒక మనిషి తాను చదువుకోవడానికి, నేర్చుకోవడానికి, దగ్గర ఉంచుకోవడానికి చేసుకున్న ప్రతి అది అని మాత్రం గట్టిగా సూచిస్తుంది. సంఘంలో బిగ్గరగా చదివే గ్రంథం పక్కనే ఇంట్లో చదువుకునే గ్రంథం కూడా ఉండేదని మనకు తెలిపే అరుదైన వస్తువులివి.

ముందుగా పపైరస్ తయారీ సంగతి చూడాలి, ఎందుకంటే తర్వాత వచ్చే వాదనంతా దాని మీదే నిలబడి ఉంది. నైలు నది ఒడ్డున పెరిగే రెల్లులాంటి మొక్క కాండాన్ని పలుచని పేలికలుగా చీల్చి, ఒక వరస మీద ఇంకో వరసను అడ్డంగా పేర్చి, నొక్కి ఆరబెడితే ఒక రేకు తయారవుతుంది. ఆ రేకుల అంచులను వరసగా అంటించి చుట్టగా చుట్టేవారు. అమ్మకానికి వచ్చే చుట్టలో ఇరవై రేకులకు మించి ఉండవని మొదటి శతాబ్దపు రోమన్ రచయిత ప్లినీ రాశాడు. చుట్ట లోపలి వైపు నారలు రాసే వరసల వెంట అడ్డంగా సాగుతాయి. కలం సాఫీగా నడుస్తుంది కాబట్టి మొదట అక్కడే రాస్తారు. బయటి వైపు నారలు నిలువుగా ఉంటాయి, పైగా చేతులకు రాసుకునేది అదే, అందుకే సాధారణంగా ఖాళీగా వదిలేస్తారు. ప్రభుత్వ కార్యాలయంలో పన్నుల జాబితా కాలం తీరిపోయిందంటే ఆ చుట్టలో సగం పపైరస్ ఇంకా వాడుకోవడానికి మిగిలే ఉందన్నమాట. పుటలుగా కుట్టిన పుస్తకం, అంటే కోడెక్స్, సంగతి అలా కాదు. అందులో ప్రతి రేకుకు రెండు వైపులా రాత నిండిపోతుంది. కాబట్టి వెనుక వైపు వాడుకోవాలంటే చుట్టే దొరకాలి.

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, క్రైస్తవ గ్రంథ చరిత్రలో ఒక పెద్ద చిక్కు దీనితోనే విడిపోతుంది. రెండు, మూడు శతాబ్దాల్లో గ్రీకు సాహిత్యం దాదాపు అంతా చుట్టల మీదే ఉండేది. హోమరును, యూరిపిడీస్‌ను చదివే వాళ్లు చుట్టలే కొనేవారు. క్రైస్తవులు మాత్రం తమ గ్రంథాలకు మొదటి నుంచీ కోడెక్స్‌నే ఎంచుకున్నారు. సి. హెచ్. రాబర్ట్స్, టి. సి. స్కీట్ 1983లో ప్రచురించిన కోడెక్స్ పుట్టుక గ్రంథం, తర్వాత లారీ హర్టాడో 2006లో తొలి క్రైస్తవ వస్తువుల మీద రాసిన పుస్తకం ఈ తేడాను వివరంగా చూపాయి. ఇంత బలమైన అలవాటుకు ఎదురుగా కొత్త నిబంధన గ్రంథాలు చుట్టల మీద దొరకడం మొదట్లో వింతగానే తోచింది. ఆ చుట్టలు ఏవని చూస్తే, దాదాపు అన్నీ రెండోసారి వాడినవే. వాటిని రాసినవాడు చుట్టను కోరి తెచ్చుకోలేదు. చేతికి దొరికినది చుట్ట, కాబట్టి ప్రతి కూడా చుట్టగానే తయారైంది. ఆ ఆకారాన్ని నిర్ణయించింది తర్వాత రాసిన క్రైస్తవుడు కాదు, మొదట వాడిన గుమాస్తా.

ఈ సమూహంలో పెద్దది, అన్నిటికంటే ఎక్కువ సంగతులు చెప్పేది హెబ్రీయులకు వ్రాసిన పత్రిక ప్రతి. కొత్త నిబంధన పపైరస్‌ల జాబితాలో దీన్ని పి13 అంటారు. కైరోకు దక్షిణంగా, నేటి అల్-బహ్నసా గ్రామం ఉన్నచోట ఒకప్పుడు ఆక్సిరింకస్ అనే పట్టణం ఉండేది. ఆక్స్‌ఫర్డ్ పండితులు బి. పి. గ్రెన్‌ఫెల్, ఎ. ఎస్. హంట్ 1896 నుంచి 1907 మధ్య అక్కడి చెత్తదిబ్బలను తవ్వారు. వారికి దొరికిన ఈ చుట్ట ముందు వైపు రోమన్ చరిత్రకారుడు లివీ గ్రంథానికి లాటిన్‌లో రాసిన సంక్షిప్త పాఠం ఉంది. 37 నుంచి 40, 48 నుంచి 55 పుస్తకాల సారాంశం అందులో మిగిలింది. వెనుక వైపు ఎవరో గ్రీకులో హెబ్రీ పత్రికను రాశారు. 2వ అధ్యాయం 14వ వచనం నుంచి 5వ అధ్యాయం 5వ వచనం దాకా, ఆ తర్వాత 10, 11, 12 అధ్యాయాల్లో పెద్ద భాగాలు మిగిలాయి. రాత మూడో శతాబ్దపు చివరిదో, నాలుగో శతాబ్దపు మొదటిదో అయివుంటుంది. వాడిన చుట్టలన్నీ గ్రీకు లెక్కల కాగితాలే అనుకునేవారు ఈ లాటిన్ చరిత్రను గుర్తుంచుకోవాలి. గ్రీకు మాట్లాడే ఈజిప్టు పట్టణంలో లాటిన్ సాహిత్యం చదివే వాళ్లు తక్కువ. వాళ్ల దగ్గరి పుస్తకం క్రైస్తవుల చేతికి ఎలా వచ్చిందో ఊహించగలం గానీ నిరూపించలేం. ఒక్కటి మాత్రం ఖాయం. ఆ చుట్ట ఊరి చివర కుప్పలోంచి ఏరుకొచ్చిన పనికిరాని ముక్క కాదు. ఏకబిగిన మీటర్ల పొడవున రాసుకోవడానికి వీలైన, గట్టిగా ఉన్న చుట్ట.

పి13 రాసినవాడి పని తీరు చూస్తే నిర్లక్ష్యం ఎక్కడా కనిపించదు. నిలువు వరసలకు, అంటే ఒక్కో పాఠపు పట్టీకి, పైన అంకెలు వేశాడు; మిగిలిన వాటిలో 47 నుంచి 50 దాకా అంకెలు కనిపిస్తాయి. హెబ్రీ పత్రిక మొదటి ఒకటిన్నర అధ్యాయం రాయడానికి అన్ని పట్టీలు అక్కర్లేదు. అంటే దానికి ముందు అదే చుట్ట మీద నలభైకి పైగా పట్టీలు పట్టే ఇంకో గ్రంథం ఉండేది. అంత పొడవుకు సరిపోయేది రోమీయులకు వ్రాసిన పత్రిక అని పండితులు భావిస్తారు. ఈ ఊహకు ఆధారం ఉంది: పౌలు పత్రికల పురాతన కోడెక్స్ పి46లో కూడా రోమా పత్రిక తర్వాత వచ్చేది హెబ్రీ పత్రికే. వాక్యాల మధ్య విరామం చూపడానికి రాసినవాడు రెండు చుక్కలు పెట్టాడు. గ్రీకు సాహిత్యం పదాల మధ్య ఖాళీ కూడా లేకుండా రాసే కాలంలో ఇలా విరామాలు గుర్తించడమంటే చదివేవాడికి, ముఖ్యంగా పైకి చదివేవాడికి, దారి చూపడమే. దేవుడు, ప్రభువు, యేసు వంటి మాటలను మొదటి, చివరి అక్షరాలతో కుదించి పైన గీత గీసే క్రైస్తవ అలవాటు కూడా ఇందులో ఉంది. ఇక పాఠం నాణ్యత సంగతి: నాలుగో శతాబ్దపు ప్రసిద్ధ వాటికన్ కోడెక్స్‌లో హెబ్రీ పత్రిక 9వ అధ్యాయం 14వ వచనం దగ్గరే తెగిపోయింది. పి13 పాఠం వాటికన్ పాఠానికి దగ్గరి బంధువు కావడం వల్ల, ఆ కోడెక్స్‌లో పోయిన 10 నుంచి 12 అధ్యాయాలు ఎలా ఉండేవో ఊహించడానికి ఈ వాడిన చుట్టే ఆధారమైంది. చేతికందిన చెత్త మీద గీసిన గీతలు ఇంత పని చేయవు.

పేదరికం వాదన ఇక్కడే ఇబ్బందిలో పడుతుంది. వాడిన పపైరస్ పేదల గుర్తు అయితే, అదే పని చేసిన ఇతరుల సంగతేమిటి? అరిస్టాటిల్ పేరున ఉన్న ఏథెన్స్ రాజ్యాంగ గ్రంథం దాదాపు పూర్తిగా మనకు మిగిలింది ఒకే ప్రతిలో. లండన్‌లో 1891లో ప్రచురితమైన ఆ ప్రతిని హెర్మోపొలిస్ ప్రాంతపు ఒక పొలం లెక్కల వెనుక, నలుగురు రాతగాళ్లు కలిసి రాశారు. ముందు వైపు లెక్కలు క్రీ.శ. 78–79 నాటివి. గ్రీకు కవి పిండార్ స్తుతిగీతాల ఆక్సిరింకస్ ప్రతి, యూరిపిడీస్ హిప్సిపిలే నాటకపు ప్రతి రెండూ ప్రభుత్వ కాగితాల, లెక్కల వెనుకే ఉన్నాయి. పానొపొలిస్‌లో భూముల జాబితా వెనుక హోమరు ఇలియడ్ రాసుకున్న చుట్ట బోద్మర్ సేకరణలో ఉంది. ప్లినీ చనిపోయేనాటికి రెండు వైపులా సన్నని అక్షరాలతో నింపిన నూట అరవై పుస్తకాల టిప్పణులు మిగిల్చాడని అతని మేనల్లుడు రాశాడు. ప్లినీ రోమన్ నౌకాదళానికి అధిపతి, కాగితం కొనలేని మనిషి కాదు. ఈ పట్టికలో ఉన్నవాళ్లు ఊరి పేదలు కారు. బళ్లో చదివినవాళ్లు, తమ కోసం గ్రంథాలు నకలు చేయించుకున్నవాళ్లు, పండితులు. తమ చదువుకు, తమ పనికి చేసుకునే ప్రతికి మంచి పపైరస్ దండగ అనుకునేవాళ్లు. పపైరస్ ఖరీదైనదని నఫ్తాలి లూయిస్, కాదని స్కీట్ వాదించుకున్నారు. ఆ చర్చ ఎటు తేలినా ఇక్కడి సంగతి మారదు. పొదుపు అందరికీ ఉంది. దేనికి పొదుపు చేశారు, దేనికి చేయలేదు అన్నదే చెప్పుకోదగ్గ సంగతి. క్రైస్తవులు కూడా అలాగే చేశారు. సువార్తలకు, పౌలు పత్రికలకు వాళ్లు వాడిన కోడెక్స్‌లు కొత్త పపైరస్‌తో జాగ్రత్తగా తయారుచేసినవే. అదే సంఘాల్లో వెనుక వైపు ప్రతులూ ఉన్నాయి.

ఆ పొదుపు ఎవరి అవసరానికి జరిగిందో కొన్ని ప్రతులు దాపరికం లేకుండా చూపుతాయి. న్యూయార్క్‌లోని మోర్గన్ గ్రంథాలయంలో ఒక ఉత్తరం ఉంది. మూడో శతాబ్దం రెండో సగంలో రోములో ఉన్న ఒక క్రైస్తవుడు ఈజిప్టులో ఫయూమ్ ప్రాంతపు సోదరులకు ధాన్యం, డబ్బు వ్యవహారాల గురించి రాసినది. అందులో అలెగ్జాండ్రియా బిషప్ మాక్సిమస్ పేరు వస్తుంది. అతను 264 నుంచి 282 దాకా ఆ పదవిలో ఉన్నాడు కాబట్టి ఉత్తరపు కాలం తెలుస్తుంది. ఆ ఉత్తరం రెండో పట్టీ పైన ఇంకో చేతితో హెబ్రీ పత్రిక మొదటి వచనం ఉంది. పండితుల జాబితాలో అదే పి12. వెనుక వైపు ఆదికాండము మొదటి అయిదు వచనాలు మొదట సాధారణ గ్రీకు అనువాదంలో, వెంటనే యూదు పండితుడు అక్విలా చేసిన మాటకు మాట అనువాదంలో ఉన్నాయి. రెండు అనువాదాలను పక్కపక్కన పెట్టి చూసే పని సంఘారాధనలో జరిగేది కాదు. ఒకడు కూర్చుని పోల్చుకుంటున్నాడు, అంతే. ఇదే కోవలోది హోషేయ, ఆమోసు గ్రంథాలకు చేసిన గ్రీకు–ఐగుప్తు (కాప్టిక్) భాషా పదకోశం, హెచ్. ఐ. బెల్, హెర్బర్ట్ థాంప్సన్ 1925లో ప్రచురించారు. గ్రీకు భూముల జాబితా వెనుక, ప్రవక్తల గ్రంథంలోని గ్రీకు మాటలకు ఎదురుగా ఐగుప్తు మాటలు రాసుకున్నాడు ఎవరో. ఐగుప్తు భాష మాట్లాడే ఇంటివాడు గ్రీకు గ్రంథాన్ని తనవాళ్లకు విప్పి చెప్పాలనుకున్నప్పుడు మొదట చేసే పని ఇదే. కాప్టిక్ బైబిలు అనువాదాల వెనుక ఉన్న శ్రమ ఎలాంటిదో తెలుసుకోవడానికి ఇంతకంటే పాత సాక్ష్యాలు చాలా తక్కువ.

ఇంకొంచెం తర్వాతి కాలానికి వస్తే, లైప్‌జిగ్ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలోని కీర్తనల చుట్ట మరీ స్పష్టమైన సాక్ష్యం. ముందు వైపు హెర్మోంథిస్ ప్రాంతపు లెక్కలు క్రీ.శ. 338 నాటివి, వెనుక వైపు గ్రీకు లెక్క ప్రకారం 30 నుంచి 55 దాకా కీర్తనలు ఉన్నాయి. 338 అంటే క్రైస్తవ మతం రాజాదరణ పొంది, కోడెక్స్ అన్ని చోట్లా నిలదొక్కుకున్న కాలం. ఆ కాలంలో కీర్తనలను ఎవరూ చుట్టగా రాయించుకోవాలని కోరుకోరు. లెక్కల చుట్ట దొరికింది కాబట్టి కీర్తనలు చుట్ట మీదికి ఎక్కాయి. కీర్తనలు నోటికి పట్టి ఒంటరిగా పాడుకునేవి, మఠాల్లో రోజూ చెప్పుకునేవి. సొంత ప్రతి కావాలనిపించే గ్రంథం బైబిల్లో ఇంతకంటే ఇంకోటి లేదు. హెబ్రీ పత్రిక, కీర్తనలు, ఆదికాండపు మొదటి వచనాలు, ప్రవక్తల పదకోశం, వీటన్నిటినీ కలిపి చూసినప్పుడు కనిపించే మనిషి ఒక్కడే: చదువుకునేవాడు.

దీనికి ఎదురుగా గట్టి అభ్యంతరం ఒకటి ఉంది. వెనుక వైపు రాసిన క్రైస్తవ గ్రంథాల్లో చాలా వరకు ఆ కాలానికి అధికారం తేలని గ్రంథాలేనని కొందరు గుర్తుచేస్తారు. ఆక్సిరింకస్ పపైరస్ 654గా 1904లో వెలువడిన తోమా సువార్త వచనాలు భూముల సర్వే జాబితా వెనుక ఉన్నాయి. మిచిగన్ విశ్వవిద్యాలయంలోని హెర్మస్ కాపరి గ్రంథపు ముక్క కూడా ఒక వ్యవహార పత్రం వెనుకదే. ప్రకటన గ్రంథాన్ని అపొస్తలుడైన యోహాను రాశాడా అని మూడో శతాబ్దంలో అలెగ్జాండ్రియా బిషప్ డయొనిసియస్ సందేహించాడు. హెబ్రీ పత్రిక పౌలుదా కాదా అన్న చర్చ పాతదే. కాబట్టి వాడిన పపైరస్ ఆ గ్రంథానికి తక్కువ హోదా ఉందని చెబుతోందని వీరి వాదన. వాదన ఆకర్షణీయమే గానీ సాక్ష్యం మీద నిలవదు. హెబ్రీ పత్రిక మీద సందేహం పశ్చిమ సంఘాలది. ఈజిప్టులో దాన్ని పౌలు పత్రికగానే చదివారు, పి46 దాన్ని రోమా పత్రిక పక్కనే నిలబెట్టింది. పి13లో ముందున్నది రోమా పత్రికే అయితే, ఏ సందేహమూ లేని గ్రంథం కూడా అదే వాడిన చుట్ట మీద ఉన్నట్టే. ఇక కీర్తనల, ఆదికాండపు హోదాను ఎవరూ ప్రశ్నించలేదు. ఈ ప్రతులను కలిపేది గ్రంథం హోదా కాదు, చదివేవాడి అవసరం. తోమా, హెర్మస్‌లను తమ కోసం చదువుకున్నవాళ్లు ఎక్కువ కాబట్టి అవి ఈ సమూహంలో ఎక్కువగా కనిపిస్తాయని చెబితే సరిపోతుంది.

ప్రకటన గ్రంథపు ప్రతుల మీద వాదం మరింత చిక్కుగా ఉంది. ఆక్సిరింకస్ నుంచి వచ్చిన పి18లో ఒక వైపు నిర్గమకాండము 40వ అధ్యాయం చివరి భాగం, రెండో వైపు ఇంకో చేతిరాతలో ప్రకటన 1వ అధ్యాయం 4 నుంచి 7 వచనాలు ఉన్నాయి. నిర్గమకాండం రాసిన చుట్టను తర్వాత క్రైస్తవుడు తిరగేసి ప్రకటన రాసుకున్నాడని చాలాకాలం అందరూ ఒప్పుకున్నారు. అలా అయితే ఒక పవిత్ర గ్రంథమే ఇంకో పవిత్ర గ్రంథానికి వెనుక కాగితమైందనే ఆలోచన వచ్చింది. ప్రకటన గ్రంథం 5వ అధ్యాయంలో లోపలా వెలుపలా రాసి ఉన్న చుట్ట ఒకటి కనిపిస్తుంది కాబట్టి, ఈ ప్రతికి ఆ దృశ్యాన్ని ముడిపెట్టాలన్న ఆశ కూడా కొందరికి కలిగింది. 2013లో బ్రెంట్ నోంగ్‌బ్రీ ఈ ముక్కను మళ్లీ పరిశీలించి, ఇది చుట్ట కాదు, రెండు గ్రంథాలున్న కోడెక్స్‌లోని ఒక రేకు కావచ్చని చూపాడు. నిర్గమకాండం వైపు కూడా ప్రభువు అన్న మాటను కుదించి రాసే క్రైస్తవ అలవాటు కనిపిస్తుంది కాబట్టి, రెండు వైపులూ ఒకే సముదాయంలో తయారయ్యాయనడానికి అడ్డేమీ లేదు. ఈ దిద్దుబాటును ఒప్పుకుంటే వాడిన చుట్టల జాబితాలో ఒకటి తగ్గుతుంది. వాదన మాత్రం బలహీనపడదు. నిజానికి ఇంకొంత గట్టిపడుతుంది, ఎందుకంటే క్రైస్తవులు కోరి చుట్ట ఎంచుకున్న సందర్భాలు అనుకున్నదానికంటే ఇంకా తక్కువని తేలుతుంది. ప్రకటన గ్రంథానికి నిజంగా వెనుక వైపు ప్రతి కావాలంటే కైరోలోని ఫ్రెంచి పురావస్తు సంస్థలో ఉన్న పి98ను చూడాలి. ఒక వ్యవహార పత్రం వెనుక మొదటి అధ్యాయం చివరి వచనాలున్న ఈ చిన్న ముక్క ఏ గ్రంథమో 1992లో డీటర్ హాగెడోర్న్ గుర్తించేదాకా ఎవరికీ తెలియదు.

వాడిన పపైరస్ పరిశోధకులకు ఇచ్చే పెద్ద వరం కాల నిర్ణయం. బైబిలు ప్రతుల మీద తేదీ ఉండదు. చేతిరాత తీరును బట్టి అరశతాబ్దం, శతాబ్దం అటూఇటూగా ఊహించాల్సిందే. వ్యవహార పత్రాల మీద మాత్రం రాజు ఏలుబడి సంవత్సరంతో తేదీ వేసే అలవాటు ఉంది. ముందు వైపు 338 అని ఉంటే వెనుకది అంతకు ముందు రాసింది కాజాలదు. ఈ గీత ఒక వైపే ఆపుతుందని మరిచిపోకూడదు. ముందు వైపు లెక్క రాసిన ఎన్నేళ్లకు చుట్టను తిరగేశారో పత్రం చెప్పదు. కార్యాలయపు కాగితం కొన్నేళ్లలో బయటపడవచ్చు, కుటుంబ పత్రాల పెట్టెలో తరాలు ఉండిపోనూవచ్చు. దీనికి తోడు వెనుక చేతిరాతను కూడా చూసినప్పుడే రెండు గీతల మధ్య నమ్మదగ్గ కాలం దొరుకుతుంది. ఆక్సిరింకస్‌లో దొరికిన రోమా పత్రిక మొదటి వచనాల ముక్క పి10 వెనుక వైపు ప్రతి కాకపోయినా ఇక్కడ పనికొచ్చే పోలిక. వంకర అక్షరాలతో అభ్యాసంగా రాసిన ఆ రేకు 316 నాటి ఒప్పందంతో కలిసి దొరికింది. ఆన్‌మరీ లౌయండెయ్క్ 2010లో అది లియొనిడెస్ అనే అవిసె నార వ్యాపారి కాగితాల్లోదని చూపింది. పౌలు మాటలతో అక్షరాలు దిద్దుకున్న ఇల్లు ఏదో, ఆ ఇంటి వ్యాపారం ఏదో మనకు తెలిసిన సందర్భం ఇది. బైబిలు పపైరస్ పక్కనున్న లౌకిక కాగితాన్ని చదవకపోతే ఇంత తెలిసేది కాదు.

పాత పపైరస్‌ను తిరిగి వాడే ఇంకో పద్ధతి కూడా ఉంది: దాన్ని శవాల ముసుగులకు, పెట్టెలకు అట్టగా వాడే ఆచారం ఈజిప్టులో ఉండేది. ఆ అట్టను కరిగిస్తే మొదటి శతాబ్దపు సువార్త బయటపడుతుందన్న ఆశ ఇటీవలి దశాబ్దాల్లో గట్టిగా ప్రచారమైంది. 2012లో మార్కు సువార్త ముక్క ఒకటి మొదటి శతాబ్దానిదన్న మాట వెలువడి, అది శవపు ముసుగులో దొరికిందన్న కథ వ్యాపించింది. 2018లో ప్రచురణ జరిగినప్పుడు అది పాత ఆక్సిరింకస్ తవ్వకాల్లో దొరికిన పపైరస్సేనని, చేతిరాత రెండో శతాబ్దం చివరిదో మూడో శతాబ్దపు మొదటిదో అని తేలింది. ఆ ఆశకు పునాదే బలహీనం. పపైరస్‌తో ముసుగులు చేసే అలవాటు ముఖ్యంగా టాలెమీల కాలానిది. రోమన్ పాలన వచ్చాక అది తగ్గిపోయింది. ఆ పద్ధతిలో నిజంగా దొరికిన బైబిలు ముక్క రైలాండ్స్ గ్రంథాలయంలోని ద్వితీయోపదేశకాండం. క్రీస్తుకు పూర్వం రెండో శతాబ్దానికి చెందిన యూదుల ప్రతి అది. మరింత పాతది కావాలనే తొందర పరిశోధనకు ఎప్పుడూ మేలు చేయలేదు. పపైరస్‌ల విషయంలో ఆ తొందర వల్ల ముసుగులే నాశనమయ్యాయి.

మలుపు ఇంకో వైపు కూడా ఉంది. క్రైస్తవులు పాత కాగితాన్ని గ్రంథంగా మార్చినట్టే, గ్రంథమూ ఒకనాటికి పాత కాగితమైంది. లూకా సువార్త ముక్కలు పి4 1889లో కాప్టోస్‌లో యూదు తత్త్వవేత్త ఫైలో గ్రంథపు కోడెక్స్ ఒకదానిలో దొరికాయి. ఆ పుస్తకం నిర్మాణంలో పూరింపుగా వాడిన కాగితాలవి. 1945లో నాగ్ హమ్మాదీ దగ్గర దొరికిన కోడెక్స్‌ల తోలు అట్టలు గట్టిగా ఉండడానికి లోపల పొరలుగా అంటించిన పాత పపైరస్‌లలో 341, 346, 348 తేదీలున్న గ్రీకు పత్రాలు, కాప్టిక్ ఆదికాండపు ముక్క ఒకటి కూడా బయటపడ్డాయి. ఆక్సిరింకస్ చెత్తదిబ్బల్లో సువార్తలు ఎక్కువగా ఎందుకున్నాయని లౌయండెయ్క్ అడిగి, వాటిని పట్టణంవాళ్లే తెలిసి పారేశారని చూపింది. పవిత్ర పాఠాన్ని తాకరానిదిగా దాచే అలవాటు ఆ కాలపు ఈజిప్టు క్రైస్తవులది కాదని దీన్ని బట్టి చెప్పవచ్చు. పవిత్రత పాఠంలో ఉంది, దాన్ని మోసే రేకులో కాదు. రేకు పాతదైతే ఇంకో పనికి వెళ్తుంది. వాడిన పపైరస్ మీద రాయడాన్ని అవమానంగా చూసేవాళ్లు తమ కాలపు మర్యాదను మూడో శతాబ్దం మీద మోపుతున్నారు.

ఈ సాక్ష్యం అంతా ఈజిప్టు నుంచే వచ్చిందన్న మాట నిజమే. పపైరస్ పొడి ఇసుకలో నిలుస్తుంది. సిరియాలో, రోములో కుళ్లిపోయింది. 303లో రోమన్ చక్రవర్తి డయొక్లీషియన్ ఉత్తరువుతో క్రైస్తవ గ్రంథాలను తగలబెట్టినప్పుడు సంఘాల దగ్గరి ప్రతులకే ఎక్కువ ముప్పు వాటిల్లింది. ఇళ్లలో లెక్కల కాగితాల మధ్య ఉన్నవి తప్పించుకునే అవకాశం ఎక్కువ. కాబట్టి సొంత ప్రతులు మనకు కాస్త ఎక్కువగానే మిగిలి ఉండవచ్చు. దీనివల్ల సొంత ప్రతుల నిష్పత్తిని లెక్కించలేం గానీ, అవి ఉన్నాయన్న సంగతి చెదరదు. ఇంకో అడ్డు పండితులే కల్పించుకున్నది. ఆక్సిరింకస్ సంపుటాల్లో ఒకే పపైరస్ రెండు వైపులకు వేర్వేరు సంఖ్యలిచ్చి ప్రచురించారు: హెబ్రీ పత్రిక 657, లివీ 668, నిర్గమకాండం 1075, ప్రకటన 1079. తర్వాత ఇటలీలో వెలువడిన హెబ్రీ–లివీ చుట్ట ముక్కలు కూడా 1291గా, 1292గా విడిపోయాయి. ఫలితంగా బైబిలు పండితులు ఒక వైపు, లాటిన్ పండితులు రెండో వైపు చదువుతూ వచ్చారు. ఆ చుట్టను చేతిలోకి తీసుకుని తిరగేసిన మనిషి వీళ్లిద్దరి పుస్తకాల్లోనూ కనబడకుండా పోయాడు. ఇప్పుడు పపైరస్‌ల చిత్రాలు రెండు వైపులా కంప్యూటర్ తెరల మీద దొరుకుతున్నాయి కాబట్టి, ఒక్కో ప్రతికి రెండు వైపులనూ ఒకే పుటలో వర్ణించే జాబితా తయారుచేయడం సాధ్యమే. హెబ్రీ పత్రికతో, లివీతో మొదలుపెడితే మంచిది.